మన చదువుల చరిత్ర – 14: బంగారు తాళంచెవి ఎవరికి దక్కింది?



ఈ భాగం అమెరికా కాలేజీల్లో ఉండే ఆనర్ సొసైటీల గురించి. "పేటల చదువుల చరిత్ర రాస్తూ మధ్యలో అమెరికా గోల ఎందుకన్నా?" అని అడిగేవాళ్ళు ఉంటారని తెలుసు. పాలకాయతిప్ప దగ్గర నిలబడి చూస్తే ఎదురుగా సముద్రం తప్ప ఇంకేమీ కనపడదు. కానీ కోడూరు, అవనిగడ్డ, నాగాయలంక వైపు మన పేటల నుంచి కూడా ఇప్పుడు ఒకరూ ఇద్దరూ ఆ సముద్రం దాటి చదువుకుంటున్నారు. అప్పు చేసి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు అక్కడ మొదటి సెమిస్టరు మార్కులు వచ్చిన నెలలోనే ఒక ఉత్తరం వస్తుంది. "మీ ప్రతిభను గుర్తించి మా సొసైటీలో సభ్యత్వానికి ఆహ్వానిస్తున్నాం. ఇన్ని డాలర్లు కట్టండి. ఇవీ సభ్యత్వ ప్రయోజనాలు" అని.

ప్రతిభ అనే మాటను తరతరాలుగా మన మీదకు కర్రలాగా ఎత్తారు. అదే మాట గౌరవంగా, మన పేరు రాసి ఇంటికొస్తే ఏం చేయాలి? సంబరపడాలా, అనుమానించాలా? దీనికి జవాబు చెప్పాలంటే ఆ సొసైటీలు ఎక్కడ పుట్టాయో, ఎవరి కోసం పుట్టాయో, ఎవరిని ఎన్నాళ్ళు గుమ్మం బయట నిలబెట్టాయో ముందు తెలియాలి.

విలియమ్స్‌బర్గ్, 1776

1776 డిసెంబర్ 5. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం, విలియమ్స్‌బర్గ్ ఊరు. అక్కడి విలియం అండ్ మేరీ కాలేజీలో చదివే 5 మంది కుర్రాళ్ళు కూడి ఒక రహస్య సంఘం పెట్టుకున్నారు. పేరు ఫై బీటా కప్పా. గ్రీకు భాషలో వాళ్ళు రాసుకున్న సూత్రంలో మూడు మాటల మొదటి అక్షరాలవి. విద్య మీద ప్రేమే జీవితానికి దారి చూపిస్తుందని దాని భావం. ప్రమాణం, రహస్యంగా చేతులు కలిపే పద్ధతి, మెడల్, అన్నీ ఉండేవి. ఆ మెడలే తర్వాతి కాలంలో బంగారు తాళంచెవి రూపం తీసుకుంది. ఇవాళ్టికీ ఆ తాళంచెవే దాని గుర్తు.

ఆ తేదీని ఇంకోసారి చూడండి. మనుషులందరూ సమానంగా పుట్టారని అమెరికా ప్రకటించుకున్నది అదే ఏడు జూలైలో. ఐదు నెలల తర్వాత ఈ సంఘం పుట్టింది. పుట్టిన కాలేజీ మాత్రం నల్లజాతి మనుషులను బానిసలుగా ఉంచుకున్న కాలేజీ. పిల్లలు గ్రీకు సూత్రాలు చదువుతుంటే వాళ్ళ గదులు ఊడ్చి, వంట చేసి, పొలం దున్నినవాళ్ళు బానిసలు. ఈ మాట నేను కోపంతో అంటున్నది కాదు. తాను బానిసలను ఉంచుకున్నానని ఆ కాలేజీయే 2009లో అధికారికంగా ఒప్పుకుంది. అక్కడ బానిసగా బతికిన లెమన్ అనే మనిషి పేరు మీద చరిత్ర పరిశోధన కూడా మొదలుపెట్టింది.

1781లో బ్రిటిష్ సైన్యం దగ్గరికొచ్చేసరికి విలియమ్స్‌బర్గ్ శాఖ మూతపడింది. అప్పటికే యేల్‌కీ, హార్వర్డ్‌కీ శాఖలిచ్చారు కాబట్టి సంఘం బతికింది. 1831లో హార్వర్డ్ శాఖ రహస్యాన్ని వదిలేసింది. మెల్లగా అది మంచి మార్కులొచ్చిన విద్యార్థులను ఎన్నుకునే గౌరవ సంఘంగా మారింది. ఆ తర్వాత పుట్టిన వాటికి అదే నమూనా. ఇంజినీరింగ్ వాళ్ళకు 1885లో టౌ బీటా పై, అన్ని సబ్జెక్టుల వాళ్ళకూ కలిపి 1897లో ఫై కప్పా ఫై, బిజినెస్ చదివేవాళ్ళకు 1913లో బీటా గామా సిగ్మా, రెండేళ్ళ కాలేజీల వాళ్ళకు 1918లో ఫై థీటా కప్పా, కంప్యూటర్ చదువులకు 1967లో ఉప్సిలాన్ పై ఎప్సిలాన్ వచ్చాయి.

గుమ్మం బయట 177 ఏళ్ళు

ఇక మనకు కావలసిన కథ ఇక్కడ మొదలవుతుంది.

సంఘం పుట్టి వంద ఏళ్ళు నిండబోతుంటే, 1875లో, వెర్మాంట్ యూనివర్సిటీ శాఖ మొదటిసారి ఆడవాళ్ళను తీసుకుంది. రెండేళ్ళకు, 1877లో, అదే శాఖ జార్జ్ వాషింగ్టన్ హెండర్సన్‌ని ఎన్నుకుంది. వర్జీనియాలో బానిసగా పుట్టిన మనిషి. సంఘం పుట్టింది ఏ రాష్ట్రంలోనో ఆ రాష్ట్రంలోనే బానిసగా పుట్టి, ఉత్తరాదికి పోయి చదివి, తరగతిలో మొదటివాడుగా నిలిచి ఆ తాళంచెవి అందుకున్నాడు.

ఎడ్వర్డ్ బూషే కథ ఇంకా చెప్పుకోవాలి. 1874లో యేల్‌లో డిగ్రీ, తరగతిలో ఆరో స్థానం. 1876లో అక్కడే భౌతిక శాస్త్రంలో పీహెచ్‌డీ. అమెరికాలో పీహెచ్‌డీ పొందిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. 1884లో ఫై బీటా కప్పా ఆయన్ని ఎన్నుకుంది. మరి ఇన్ని గౌరవాలున్న మనిషికి ఏ యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది? ఎక్కడా రాలేదు. ఫిలడెల్ఫియాలో నల్లజాతి పిల్లల కోసం నడిచే ఒక బడిలో 26 ఏళ్ళు సైన్సు పాఠాలు చెప్పాడు. 1902లో ఆ బడి నడిపేవాళ్ళు, నల్లజాతి పిల్లలకు చేతిపని నేర్పితే చాలు, పై చదువు అక్కర్లేదు అనే దారి పట్టడంతో ఆ ఉద్యోగమూ పోయింది.

పాల్ రోబ్సన్ పేరు మనలో చాలామందికి తెలుసు, ఆయన గొంతు విన్నవాళ్ళూ ఉన్నారు. ఆయన రట్గర్స్ కాలేజీలో చదువుతూ ఉండగానే ఫై బీటా కప్పా సభ్యుడయ్యాడు. ఫుట్‌బాల్‌లో దేశంలోనే పేరున్న ఆటగాడు. అయినా 1916లో దక్షిణాది నుంచి వచ్చిన ఒక కాలేజీ జట్టు నల్లవాడితో ఆడమంటే సొంత కాలేజీయే ఆయన్ని బయట కూర్చోబెట్టింది.

వీళ్ళంతా తెల్లవాళ్ళ కాలేజీల్లో ఒంటరిగా చదివినవాళ్ళు. నల్లజాతి వాళ్ళ కోసం పుట్టిన కాలేజీల సంగతేంటి? ఫిస్క్ 1866లో, హోవర్డ్ 1867లో మొదలయ్యాయి. గొప్ప గొప్పవాళ్ళను తయారుచేశాయి. వాటికి ఫై బీటా కప్పా శాఖ ఎప్పుడిచ్చారో తెలుసా? 1953లో. సంఘం పుట్టిన 177 ఏళ్ళకు. అంటే ఫిస్క్‌లో చదివిన పిల్ల ఎంత బాగా చదివినా ఆ తాళంచెవి ఆమెకు దక్కదు. పిల్లలో లోపం వెతకక్కర్లేదు. కాలేజీకి శాఖే లేదు. "మీ వాళ్ళల్లో ఒక్కరికీ ఆ గౌరవం రాలేదు కదా" అని తర్వాత ఎత్తిపొడవడానికి మాత్రం ఈ లెక్క పనికొచ్చింది. తలుపు మూసేసి, లోపలికి ఎవరూ రాలేదేంటని అడగడం మనకు కొత్త సంగతి కాదు.

అయితే వాళ్ళు ఆ గుమ్మం ముందే కూర్చుని ఎదురుచూడలేదు. 1937లో టెనెసీలో నల్లజాతి కాలేజీ డీన్ జార్జ్ గోర్ చొరవతో, నల్లజాతి కాలేజీల గౌరవ సంఘాలన్నీ ఒక సమాఖ్యగా కలిశాయి. అదే ఆల్ఫా కప్పా మూ. మా పిల్లల ప్రతిభను మేమే కొలుస్తాం, మేమే గౌరవిస్తాం అన్నారు. కొలత తగ్గించుకోలేదు. మార్కులు కావాలన్నారు, క్రమశిక్షణ కావాలన్నారు. తర్వాత కాలంలో పెద్ద సంఘాలు తలుపు తీశాక కూడా దాన్ని మూసెయ్యలేదు. ఆ సంఘం ఇవాళ్టికీ ఉంది.

బందరులో, బెజవాడలో

ఇప్పుడు కృష్ణ ఒడ్డుకు వద్దాం.

1843లో బందరులో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ ఇంగ్లీషు బడి పెట్టాడు. తర్వాత నోబుల్ కాలేజీ అయిందదే. తెలుగు నేల మీద ఇంగ్లీషు చదువుకు తొలి మెట్లలో ఒకటి. ఆ బడి మొదట పెద్ద కులాల పిల్లల కోసం. పై కులాలకు చదువు చెబితే అది కిందికి దానంతటదే దిగుతుందనే నమ్మకం ఆనాటి మిషనరీల్లో కొందరికి ఉండేది. మాల మాదిగ పిల్లలకు ఆ బడిలో చోటు లేదు. కాలవ నీళ్ళు ఎగువ పొలాలు తడిపాక దిగువకొస్తాయని ఆశపడ్డ రైతుకు ఏం జరుగుతుందో దివిసీమ వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కాలవ చివర ఉన్నవాళ్ళం మనం. ఇవాళ ఆ కాలేజీలో మన పిల్లలు కూర్చుని చదువుతున్నారంటే ఎగువ నుంచి నీళ్ళు దిగి కాదు, తూము పగలగొట్టుకుని.

ఆ పగలగొట్టడంలో ఒక తేదీ 1917. ఆ ఏడు నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. దాన్ని కూర్చినవారు గుడివాడలో సేవాశ్రమం నడిపిన గూడూరు రామచంద్రరావు గారు. అధ్యక్షులు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ గారు. ఆ సభలో మనవాళ్ళు మొదట తేల్చుకున్న విషయం పేరు. పంచములు అనే పేరు మాకొద్దు, మేము ఈ నేల మీద మొదటివాళ్ళం, ఆది ఆంధ్రులం అన్నారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరును ఒప్పుకోక తప్పలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత టెనెసీలో జార్జ్ గోర్ చేసిన పనిలో ఉన్నది కూడా ఇదే. గౌరవం ఎవరో పిలిచి ఇచ్చేదాకా ఆగకుండా, మన పేరు మనమే పెట్టుకోవడం.

బాబాసాహెబ్ చేరిన సొసైటీ

బాబాసాహెబ్ కూడా ఒక గౌరవ సంఘంలో చేరారు. మాట తమాషాకి అనడం లేదు. లండన్‌లో బారిస్టరు కావాలంటే నాలుగు ఇన్‌లలో ఒకదాంట్లో సభ్యత్వం తీసుకోవాలి. వాటిలో గ్రేస్ ఇన్ అసలు పూర్తి పేరు "ఆనరబుల్ సొసైటీ ఆఫ్ గ్రేస్ ఇన్". 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో చదివి, 1916లో లండన్ చేరి బాబాసాహెబ్ అందులో చేరారు. ఆ సభ్యత్వానికి సూటిగా ఒక ప్రయోజనం ఉంది: అది లేకపోతే కోర్టులో బారిస్టరుగా నిలబడలేరు. బరోడా మహారాజు స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో 1917లో మధ్యలోనే తిరిగి రావాల్సి వచ్చింది. 1920లో మళ్ళీ వెళ్ళి ఆ పని పూర్తి చేశారు.

ఆ మధ్యలో, 1917లో, బరోడాలో ఏం జరిగిందో ఆయనే రాశారు. కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చిన మనిషికి ఊళ్ళో అద్దెకు గది దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు చెప్పి దిగారు. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న పార్శీలు గది ముందుకొచ్చి నిలబడ్డారు. ఆయన చదువు గురించి, ఏ సీమలో ఏ సంఘం ఆయన్ని సభ్యుడుగా చేర్చుకుందనే దాని గురించి ఒక్కడూ అడగలేదు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు.

యేల్ నుంచి వచ్చిన బూషేకి, కొలంబియా నుంచి వచ్చిన బాబాసాహెబ్‌కి ఎదురైన గోడ ఒకటే. కాగితం ఎంత గొప్పదైనా గోడకు కాగితం అడ్డుపెట్టి పగలగొట్టలేం. కానీ ఒకటి గమనించండి. బాబాసాహెబ్ ఆ అవమానం తర్వాత సభ్యత్వం దండగ అని వదిలెయ్యలేదు. తిరిగి వెళ్ళి పూర్తి చేసి, దాన్ని పనిముట్టుగా వాడారు. 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో మెంబరయ్యాక, అదే ఏడు షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద వైస్రాయ్‌కి విజ్ఞాపన పత్రం రాసి, పై చదువులకు డబ్బు కావాలని పట్టుబట్టారు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆ పోరాటం నుంచి వచ్చినదే. హాస్టల్లో ఉండి ఇంటర్, డిగ్రీ చదివిన నాలాంటివాళ్ళం ఆ డబ్బు మీదే గట్టెక్కాం.

మా అక్క కొడుక్కి వచ్చిన ఉత్తరాలు

మా పెద్దక్క కొడుకు ఇప్పుడు టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. కంప్యూటర్లు. అక్క ఊడుపులకు వెళ్తుంది, మిగతా రోజుల్లో రొయ్యల చెరువుల దగ్గర పని. రెండో సెమిస్టరులో వాడు ఫోన్ చేసి, "మావయ్యా, రెండు ఉత్తరాలొచ్చాయి, రెండూ ఆనర్ సొసైటీలవే. ఒకటి తొంభై ఐదు డాలర్లు. కట్టమంటావా?" అన్నాడు. మన డబ్బుల్లో ఎనిమిది వేలు. అక్కకది పదిహేను ఇరవై రోజుల కూలి.

"దేనికిరా నీకది?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. రూములో నలుగురూ తెలుగోళ్ళే. మొదటి వారంలోనే ఇంటి పేరు అడిగారు, ఊరడిగారు, ఊళ్ళో ఎటువైపు అని అడిగారు. అప్పటి నుంచి జోకులు. "మీకేంట్రా, ఇండియాలో ఫ్రీగా వచ్చేస్తాయి" అని. వాడి సీటుకు ఆ యూనివర్సిటీలో ఏ రిజర్వేషనూ లేదు. లోను ఉంది, జీఆర్ఈ స్కోరు ఉంది. ఆ నలుగురిలో మార్కులు ఎక్కువ వాడివే. అయినా జోకు ఆగలేదు. "ఆ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి హాల్లో పెడతాను మావయ్యా" అన్నాడు.

అంటే వాడికది ఉద్యోగం కోసం కాదు, రూమ్మేట్ల నోళ్ళు మూయించడం కోసం. అప్పుడు వాడికి బూషే సంగతి చెప్పాను, బరోడా సత్రం సంగతి చెప్పాను. "నీ మార్కుల కాగితం చూసి మారని మనిషి ఫ్రేము చూసి మారడురా. ఆ పనికైతే ఒక్క డాలరు కూడా దండగే. వేరే పనికి పనికొస్తుందేమో చూద్దాం, రెండు ఉత్తరాలూ చదువు" అన్నాను. ఇద్దరం కూర్చుని రెండు గంటలు వెతికాం. మాకు తేలిన సంగతులు మీ పిల్లలకూ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

అసలుదో, వ్యాపారమో ఎలా తెలుస్తుంది?

ఒకటి. మీ కాలేజీలో ఆ సంఘానికి శాఖ ఉందా? దానికి సలహాదారుగా ఒక ప్రొఫెసర్ ఉన్నారా? అసలైన సంఘంలో మిమ్మల్ని ఎన్నుకునేది మీ కాలేజీ శాఖే. ఎక్కడో ఆఫీసు పెట్టుకుని ఈమెయిల్ చిరునామాలు కొనుక్కుని ఉత్తరాలు పంపేదానికి మీరు ఎవరో తెలియదు. ప్రొఫెసర్ గదికి వెళ్ళి అడగండి. సిగ్గుపడొద్దు.

రెండు. 1925లో ఈ సంఘాలు కలిసి అసోసియేషన్ ఆఫ్ కాలేజ్ ఆనర్ సొసైటీస్ అనే సమాఖ్య పెట్టుకున్నాయి. ఎవరిని తీసుకోవాలో కనీస కొలతలు పెట్టింది. అందులో ఉంటే నమ్మకం ఎక్కువ. ఫై బీటా కప్పా, ఫై కప్పా ఫై లాంటి పాతవి కొన్ని అందులో లేకపోయినా పేరున్నవే, వాటిని పేరుతోనే గుర్తుపట్టొచ్చు.

మూడు. కొలత ఏంటో చూడండి. ఫై కప్పా ఫై పీజీ వాళ్ళలో పై 10 శాతం మందినే పిలుస్తుంది. బీటా గామా సిగ్మా బిజినెస్ పీజీలో పై 20 శాతం మందిని పిలుస్తుంది. ఫై బీటా కప్పాకు అప్లికేషనే ఉండదు, వాళ్ళే ఎన్నుకుంటారు, అది కూడా ఆర్ట్స్, సైన్సు డిగ్రీ వాళ్ళను. కాబట్టి ఎమ్మెస్ చదివే పిల్లాడికి ఫై బీటా కప్పా పేరుతో ఉత్తరం వస్తే అనుమానించండి. ఎంత మార్కుకు పిలిచారో చెప్పని సంఘం అందరినీ పిలిచి ఉంటుంది.

నాలుగు. ఫీజు ఒక్కసారా, ఏటేటానా? అసలైన వాటికీ ఫీజు ఉంటుంది. ఫీజు అడిగినంత మాత్రాన మోసం కాదు. కానీ వారంలోగా కట్టకపోతే అవకాశం పోతుందని తొందరపెట్టేది సంత బేరం.

ప్రయోజనాలు, ఉన్నవీ లేనివీ

ఉన్నవి ముందు. రెజ్యూమెలో ఒక వరుస. మొదటి ఉద్యోగం వెతుక్కునేటప్పుడు కొంత పనికొస్తుంది, నాలుగేళ్ళ తర్వాత ఎవరూ చూడరు. పట్టా పుచ్చుకునే రోజు మెడలో రంగు తాడు, కోటుకు పిన్ను. సభ్యులకు మాత్రమే ఉండే స్కాలర్‌షిప్‌లు, ఇవి అసలైన ప్రయోజనం. కానీ సభ్యత్వంతో వాటంతటవే రావు, మళ్ళీ దరఖాస్తు పెట్టాలి, పోటీ పడాలి. చాలామంది ఫీజు కట్టి ఊరుకుంటారు, దరఖాస్తు పెట్టరు. రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీల్లో చదివేవాళ్ళకు ఫై థీటా కప్పా సభ్యత్వం బాగా పనికొస్తుంది, ఎందుకంటే నాలుగేళ్ళ యూనివర్సిటీకి మారేటప్పుడు ఆ సభ్యులకని ప్రత్యేకంగా స్కాలర్‌షిప్ ఇచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. అక్కడ స్థిరపడి పిల్లల్ని చదివిస్తున్న మనవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇంకొకటి ఉంది. డిగ్రీతో చేరేవాళ్ళకు మామూలుగా జీఎస్-5 స్థాయి. జాతీయ ఆనర్ సొసైటీ సభ్యత్వం ఉంటే జీఎస్-7కి అర్హత వస్తుంది. అయితే మంచి జీపీఏ ఉన్నా, తరగతిలో పై మూడో వంతులో ఉన్నా అదే అర్హత వస్తుంది. పైగా ఆ ఉద్యోగాలు దాదాపుగా పౌరులకే. స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లాడికి ఈ లాభం చూపించి ఫీజు కట్టించుకోవడం, ఈత రానివాడికి పడవ బొమ్మ అమ్మడమే.

లేనివి ఇప్పుడు. హెచ్-1బీ లాటరీలో దీనికి ఏ విలువా లేదు. "ప్రతిభ కోటా గ్రీన్ కార్డుకు సభ్యత్వాలు లెక్కలోకి వస్తాయి" అని కన్సల్టెన్సీల వాళ్ళు చెబుతారు. ఆ నిబంధన అడిగేది అసాధారణమైన పని చేసినవాళ్ళను నిపుణులు పరిశీలించి చేర్చుకునే సంఘాల్లో సభ్యత్వం. మార్కులు చూసి విద్యార్థులను చేర్చుకునే సంఘం ఆ లెక్కలోకి రాదు. ఆ మాట నమ్మి అప్పు చెయ్యొద్దు.

మావాడి రెండు ఉత్తరాల్లో తొంభై ఐదు డాలర్లదానికి వాళ్ళ క్యాంపస్‌లో శాఖ లేదు, ప్రొఫెసర్ లేరు, కొలతా లేదు. చెత్తబుట్టలోకి పోయింది. రెండోది వాళ్ళ డిపార్టుమెంటులోనే ఉన్న కంప్యూటర్ సంఘం శాఖ. ఫీజు తక్కువ, ఒక్కసారే. చేరాడు. నెలకోసారి మీటింగు. అక్కడ వాణ్ణి ఊళ్ళో ఎటువైపు అని అడిగేవాళ్ళు లేరు, ఏ ప్రాజెక్టు చేస్తున్నావని అడిగేవాళ్ళు ఉన్నారు. సలహాదారు ప్రొఫెసర్ దగ్గరే ఇప్పుడు గంటల లెక్కన పని దొరికింది. ఫ్రేము కట్టించలేదు. ఇంకొక పని కూడా చేశాడు. రూము మారాడు.

రూము మారడం ఓటమి అనుకోవద్దు. అక్కడ కూడా కులం మీద పోరాడి చట్టాలు తెచ్చుకున్న మనవాళ్ళు ఉన్నారు. 2019లో బ్రాండైస్ యూనివర్సిటీ, 2022లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, బ్రౌన్ యూనివర్సిటీ తమ నిబంధనల్లో కుల వివక్షను నిషేధించాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరమే నిషేధించింది. అంబేడ్కర్ అసోసియేషన్ ఆఫ్ నార్త్ అమెరికా లాంటి మన సంఘాలు ఉన్నాయి. చేరవలసిన సొసైటీల జాబితాలో ముందు వాటిని రాసుకోండి.

మన కొలత మనమే

మా నాన్న పదో తరగతి సర్టిఫికెట్ 1977 నవంబరు 19 ఉప్పెనలో పోయింది. ఆ రాత్రి దివిసీమలో ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పది వేల మంది చనిపోయారు. కాగితాల గురించి ఎవరు ఏడుస్తారు? తర్వాత డూప్లికేటు కోసం తిరిగి తిరిగి ఆయన విసిగిపోయాడు, కూలి పనిలోనే ఉండిపోయాడు. కానీ మా పేటలో మొదట పదో తరగతి పాసైంది ఆయనేనని పేట మొత్తానికీ తెలుసు. ఉత్తరం చదివించుకోవాలన్నా, అర్జీ రాయించుకోవాలన్నా చచ్చిపోయేదాకా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఉప్పెనకు కొట్టుకుపోని సభ్యత్వం అది.

ఆల్ఫా కప్పా మూ వాళ్ళు చేసిన పని మనమూ చెయ్యొచ్చు. ప్రతి పేటలో ఒక పుస్తకం పెట్టండి. మొదట పది పాసైనవాళ్ళు, మొదట డిగ్రీ చేసిన ఆడపిల్ల, మొదట నర్సయినామె, మొదట సముద్రం దాటినవాళ్ళు, అందరి పేర్లూ ఏడాదితో సహా రాయండి. ఏప్రిల్ 14న విగ్రహం దగ్గర ఆ పేర్లు గట్టిగా చదవండి. ఫీజు వద్దు. సభ్యులకు ఒకే నియమం: ఏడాదికి ఒక పిల్లకో పిల్లాడికో దరఖాస్తు నింపి పెట్టాలి.

ఆ దరఖాస్తు ఎంత అవసరమో చెప్పి ముగిస్తాను. 1954-55 నుంచి కేంద్ర ప్రభుత్వానికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. విదేశంలో పీజీ, పీహెచ్‌డీ చదవడానికి ఏటా 125 మందికి ఇస్తారు, అందులో ఎక్కువ భాగం ఎస్సీలకు. అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు, వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి. బాబాసాహెబ్ 1916 మే నెలలో కొలంబియాలో కులాల పుట్టుక మీద పేపరు చదివారు. 2022లో మార్చిన నిబంధనల ప్రకారం, భారతదేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, సమాజం మీద విదేశంలో పరిశోధన చేస్తానంటే ఈ స్కాలర్‌షిప్ రాదు. అంటే బాబాసాహెబ్ ఇవాళ దరఖాస్తు పెట్టుకుని, కులం మీద రాస్తానంటే తిప్పి పంపేస్తారు. మన పిల్లలు కోడ్ రాస్తే గౌరవిస్తారట, మన చరిత్ర మనం రాస్తామంటే మాత్రం డబ్బు లేదట. ఈ నిబంధన తీసెయ్యమని అడగడం మన పని.

ఈ స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఏ కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలో, ఎమ్మార్వో ఆఫీసులో కులం, ఆదాయం సర్టిఫికెట్ల దగ్గర ఎక్కడ ఆలస్యమవుతుందో వచ్చే భాగంలో రాస్తాను. ఈలోగా మీ పేట మొదటి పేరు ఎవరిదో పెద్దవాళ్ళను అడిగి రాసి పెట్టండి.

జై భీమ్.